సమజాతము, సామ్యము: ఒక శాస్త్రపదము, బళ్ళారి సీమ సాక్ష్యము

శాస్త్రపరిభాషలో ఒకే పదము పెక్కు శాస్త్రముల గడపలు త్రొక్కి, త్రొక్కిన చోటనెల్ల తన అర్థమును కొంత మార్చుకొనుట కలదు. అట్టి పదములలో ‘హోమాలజీ’ యనునది ముఖ్యమైనది. జీవశాస్త్రజ్ఞుడు ఎముకల పొందికను వివరించుటకు దీనిని వాడును. రసాయనశాస్త్రజ్ఞుడు ద్రవ్యముల వరుసకు ఈ పేరే పెట్టును. గణితశాస్త్రజ్ఞుడు తలములందలి రంధ్రముల లెక్కకు దీనినే స్వీకరించినాడు. భాషాశాస్త్రజ్ఞుడు ఈ పేరును అంతగా వాడకున్నను, దీనిచేత సూచింపబడు పనిని తక్కిన వారికంటె ముందుగానే చేసి చూపినాడు. ఈ పదముయొక్క చరిత్రను సంగ్రహముగా చెప్పి, దీనికి తెలుగున ఏర్పడిన పేర్లను పరిశీలించి, వాని గుణదోషములను బళ్ళారి సీమలోని తెలుగు కన్నడముల నిదర్శనముచేత నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశము. పోలికను చూచి పుట్టుకను నిర్ణయించుట, పుట్టుకను చూపి హక్కును స్థాపించుట అను రెండు తొందరపాట్లు సరిహద్దు సీమలవారికి తరచుగా ఎదురగుచుండును. వానినుండి తప్పించుకొనుటకు ఈ పదచరిత్ర మనకు తోడ్పడును.

ఈ పదము గ్రీకు భాషనుండి వచ్చినది. ‘హోమోస్’ అనగా ఒకటే యైనది. ‘లోగోస్’ అనగా మాట, లెక్క, నిష్పత్తి. రెండును చేరగా ఒకే మాటమీద నిలుచుట, ఏకీభవించుట యను అర్థము కలిగినది. యూక్లిడు తన రేఖాగణితమున అనుపాతములోని సరిజోడు పరిమాణములకు ఈ విశేషణమును వాడినాడు. రెండు సరూప త్రిభుజములందు ఒకదాని భుజమునకు రెండవదానిలో సరిపడు భుజము ఏదో, దానిని మన పాఠ్యపుస్తకములు అనురూప భుజమందురు. ఇచట పుట్టుక యను భావమునకు చోటు లేదు. స్థానమే ప్రమాణము. చిన్న త్రిభుజము పెద్ద త్రిభుజమునకు బిడ్డయని ఎవరును అనరు గదా.

జీవశాస్త్రమున ఈ పదమునకు స్థిరమైన అర్థమును కల్పించినవాడు ఇంగ్లండు దేశీయుడగు రిచర్డ్ ఓవెన్. 1843లో ఆయన రెండు మాటలను వేరుచేసినాడు. వేర్వేరు జంతువులందు ఆకారమెట్లున్నను, పని ఏదైనను, అదే అవయవమని గుర్తింపదగినది హోమాలాగ్. ఒకే పని చేయుటచేత మాత్రమే పోలియుండునది అనలాగ్. మన సీమనుండియే ఉదాహరణములు తీసికొందము. దరోజి కొండలలోని ఎలుగుబంటి ముంగాలు త్రవ్వుటకు పనికివచ్చును. తుంగభద్రలోని నీటికుక్క ముంగాలు ఈదుటకు, హంపి శిథిలముల చీకటిలో వ్రేలాడు గబ్బిలము రెక్క ఎగురుటకు ఉపయోగపడును. మానవుని చేయి కలము పట్టును. పనులు నాలుగు విధములైనను, ఎముకల వరుస నాలుగింటను ఒకటే: భుజమునుండి ఒక ఎముక, ముంజేత రెండు, పిదప మణికట్టు చిన్నయెముకలు, ఆపైన వ్రేళ్ళు. సీతాకోకచిలుక రెక్కయు గబ్బిలపు రెక్కవలెనే ఎగురుటకు సాధనమైనను, దానిలో ఈ ఎముకల వరుస లేదు. మొదటి దానిని నేటి తెలుగు పాఠ్యపుస్తకములు నిర్మాణ సామ్యమనియు, రెండవదానిని క్రియా సామ్యమనియు పేర్కొనుచున్నవి.

ఇచట ఒక విశేషమును గమనింపవలెను. ఓవెన్ ఈ పొందికకు కారణము వంశమని చెప్పలేదు. సకల వెన్నెముక జంతువులకును ఒక మూలాదర్శము కలదనియు, ఆయా జంతువులు దానికి రూపాంతరములనియు ఆయన తలంపు. 1859లో చార్లెస్ డార్విన్ తన గ్రంథమును ప్రకటించిన తరువాతనే ఈ పొందికకు ఉమ్మడి పూర్వజుడు కారణమను వివరణము స్థిరపడినది. అనగా జీవశాస్త్రమున పోలిక ముందు కనబడినది. పుట్టుక పిదప తెలిసినది.

మరియొక సూక్ష్మము కలదు. గ్రద్ద రెక్కను గబ్బిలపు రెక్కతో పోల్చినచో అవి సమజాతములా, కావా? ముంగాళ్ళుగా చూచినచో అగును, ఏలయన ఆ ముంగాలు ఇరువురికిని ఒకే పూర్వజునినుండి సంక్రమించినది. రెక్కలుగా చూచినచో కావు, ఏలయన ఎగురు నేర్పును పక్షి వేరుగా, గబ్బిలము వేరుగా సంపాదించుకొన్నవి. కావున “ఇవి సమజాతములా?” యను ప్రశ్న అసంపూర్ణము. “ఏ మట్టమున?” అని కూడ అడిగినప్పుడే ప్రశ్న పూర్తియగును. ఈ మాటను పాఠకులు మనసున నుంచుకొనవలెనని ప్రార్థన. బళ్ళారి విషయమున ఇదియే మనకు ముఖ్యముగా పనికివచ్చును.

రసాయనశాస్త్రమున ఈ పదమును 1840ల దశకమున ప్రచారమునకు తెచ్చినవాడు ఫ్రెంచి రసాయనజ్ఞుడు చార్లెస్ గెర్హార్ట్. మీథేను, ఈథేను, ప్రొపేను అను వాయువుల వరుసలో ఒకదానికి మరియొకదానికి ఒక కార్బను పరమాణువు, రెండు హైడ్రోజను పరమాణువులు అధికముగా నుండును. వాని అణుభారములు 16, 30, 44 అని పదునాలుగేసి చొప్పున పెరుగుచు పోవును. ఇట్టి వరుసను మన పుస్తకములు సమజాత శ్రేణి యందురు. ఈ శ్రేణిలో ఈథేను మీథేనునకు బిడ్డయును కాదు, చెల్లెలును కాదు. క్రమమైన భేదమే ఇచట బంధుత్వము.

గణితమున 1895లో ఆన్రీ పొంకారే ఈ పదమునకు మరియొక అర్థమును కల్పించినాడు. ఒక గాజును రెండు చోట్ల దారముతో చుట్టితిమనుకొందము. ఆ రెండు చుట్లును తమ నడుమనున్న గాజుభాగమునకు ఇరువైపుల అంచులగును. అట్లు ఇరువురును కలిసి ఒకే ఖండమునకు హద్దులైనప్పుడు ఆ రెండు వలయములు పరస్పరము హోమాలగస్‌లని గణితజ్ఞులందురు. ఒంటరిగా చూచినచో ఆ చుట్లలో ఏదియు ఏ ఖండమునకును పూర్తి అంచు కాదు. బంతిమీద గీసిన వలయమట్లు కాదు. అది ఎట్టిదైనను తాను చుట్టిన ఖండమునకు తానే అంచగును. ఈ భేదమువలననే గాజునకు రంధ్రము కలదనియు, బంతికి లేదనియు లెక్కచేత తేలును. ఇచట పుట్టుకయు లేదు, ఆకారపు పోలికయు అవసరము లేదు. ఉమ్మడి హద్దు కలిగియుండుటయే సంబంధము.

ఇట్లు ఒకే పదము రేఖాగణితమున స్థానమును, జీవశాస్త్రమున పుట్టుకను, రసాయనమున క్రమమును, తలగణితమున ఉమ్మడి హద్దును సూచించుచున్నది. నాలుగింటను సామాన్యమైనది ఒకటే: వేర్వేరుగా కనబడు రెండు వస్తువుల భాగములు ఒక నియమము ననుసరించి ఒకదాని కొకటి సరిపోవుట. ఆ నియమమేదియో ఆయా శాస్త్రము చెప్పవలెను.

మన పరిభాషాకర్తలు ఈ పదమును తెలిగించునప్పుడు ఒక చిత్రము జరిగినది. ‘సమజాత’ యను మాటలో ‘జాత’ అనగా పుట్టినది. పుట్టుకతో ఏ సంబంధమును లేని రసాయన శ్రేణికి ఈ పేరు దక్కినది. పుట్టుకయే ప్రాణమైన జీవశాస్త్రమున, అవయవముల పొందికకు ‘నిర్మాణ సామ్యము’ అను పేరు వచ్చినది. అందు పుట్టుక ఊసే లేదు, పోలిక మాత్రమే కలదు. కణములోని క్రోమోసోముల జంటకు మాత్రము జీవశాస్త్రమున గూడ సమజాతములనుట వాడుకలో నున్నది. ఇందువలన విద్యార్థికి రెండు నష్టములు కలుగుచున్నవి. ఈ పేర్లన్నియు ఒకే పదమునుండి వచ్చినవని అతనికి తెలియదు. నిర్మాణ సామ్యమనగా కేవలము పోలియుండుట యని అతడు భ్రమపడును. పోలికకును పుట్టుకకును గల భేదమును చూపుటకై ఓవెన్, డార్వినులు పడిన శ్రమ ఒక్క పేరుతో మరుగున పడినట్లగును. పేరును మార్చుమనుట ఇచట మా అభిమతము కాదు. వాడుకలో నాటుకొన్న మాటను పెరుకుట కష్టము. ఉపాధ్యాయుడు ఆ పేరు వెనుకనున్న అర్థమును విడమరచి చెప్పినచో చాలును.

ఇక మన సీమకు వత్తము. భాషలందు ఇట్టి పరిశోధనము ఓవెన్‌కంటె పూర్వమే ప్రారంభమైనది. 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు ఉమ్మడి మూలము కలదని ప్రకటించినాడు. 1816లో మద్రాసు కలెక్టరుగా నుండిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు, కన్నడము, తమిళములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, అవి తమలో తాము ఒక కుటుంబమునకు చెందినవనియు నిరూపించినాడు. ఆయన చేసిన పని ధాతువులను వరుసగా ప్రక్కప్రక్కన నుంచి చూపుట. ఇందుకు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక మొదలగు దేశీయుల గ్రంథములు ఆయనకు ఆధారములైనవి. ఆ నిరూపణము స్వతంత్ర గ్రంథముగా రాలేదు. అలెగ్జాండర్ డంకన్ కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు పీఠికలో భాగముగా అచ్చయినది. ఆ కాంబెల్ దొరయే పిదప బళ్ళారి జిల్లాకు కలెక్టరుగా వచ్చెను. ద్రావిడ భాషల బంధుత్వమును మొట్టమొదట ప్రకటించిన పుస్తకమును రచించినవాడే, ఆ బంధుత్వము వీథివీథిని వినవచ్చు సీమకు అధికారియైనాడన్నమాట.

కాంబెల్ 1823లో బళ్ళారి జిల్లా పాఠశాలలను గూర్చి ప్రభుత్వమునకు పంపిన నివేదిక ప్రసిద్ధమైనది. అప్పటి జిల్లాలో నేటి అనంతపుర ప్రాంతమును చేరియుండెను. అనంతపురము వేరు జిల్లాయైనది 1882లో. ఆ నివేదిక ప్రకారము జిల్లా జనసంఖ్య 9,27,857, పాఠశాలలు 533, విద్యార్థులు 6,641. అనగా వేయిమందికి సుమారు ఏడుగురు. బాలికలు అరువదిమంది మాత్రమే. పాఠశాలలలో తెలుగు నేర్పునవి 226, కన్నడము నేర్పునవి 235, మరాఠీ 23, పారసీకము 21, తమిళము 4, ఇంగ్లీషు 1. బ్రాహ్మణులు చదువు విద్యాస్థానములు వేరుగా 23. తెలుగునకును కన్నడమునకును నడుమ తేడా తొమ్మిది బడులు మాత్రమే. పిల్లలు పద్యములను వల్లించుచున్నారు గాని వాని అర్థమును చిలుకలవలెనే ఎరుగరని కాంబెల్ విచారించినాడు. శాస్త్రపదములను అర్థమెరుగక వల్లించు నేటి విద్యార్థులకును ఆ మాట కొంత వర్తించును.

ఆ 226 బడుల మాటకును, 235 బడుల మాటకును గల సంబంధమెట్టిది? వినుటకు సమీపముగా నున్న రెండు మాటలు బంధువులని చెప్పుట సులభము, గాని అది ప్రమాణము కాదు. నియతమైన ధ్వని వినిమయమే ప్రమాణము. తెలుగున పాలు, కన్నడమున హాలు, పులి, హులి, పంది, హంది, పత్తి, హత్తి, పల్లు, హల్లు, పండు, హణ్ణు. ప్రాచీన కన్నడమునను ఈ మాటలు పకారముతోనే యుండెను. పదవ శతాబ్ది తరువాత క్రమముగా ఆ పకారము హకారమైనది. అట్లే తెలుగు వేరు కన్నడమున బేరు, వెన్న, బెణ్ణె, వెండి, బెళ్ళి, వెదురు, బిదిరు, వేప, బేవు. ఇచట వకారమునకు బకారము సరిజోడు. తెలుగు చెవి కన్నడమున కివి, చేయి, కై, చెడు, కెడు, చెరువు, కెరె, చిలుక, గిళి. ఇందు మార్పు చెందినది తెలుగే. మూలమునందలి కకారము ఇకార ఎకారముల ముందు చకారమైనది. బళ్ళారి సంతలో తెలుగువారును కన్నడిగులును ఈ లెక్కను ఎరుగకయే దినదినము చేయుచుందురు. మీథేను, ఈథేనుల వరుసలో పదునాలుగేసి తేడా ఎట్టిదో, ఈ వరుసలలో పకార హకారముల తేడాయు అట్టిదే. ఒక్క జంట కాకతాళీయము కావచ్చును. వరుస అట్లు కానేరదు.

చెవిని నమ్మినచో ఎంత మోసము కలుగునో తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. కన్నడమున ‘ఇల్ల’ యనగా లేదు. తెలుగువాని చెవికి అది ‘ఇల్లు’వలె వినబడును. కాని కన్నడ ‘ఇల్ల’కు సరిజోడైన తెలుగు మాట ‘లేదు’. తెలుగున కొన్ని మాటలందు మొదటి అచ్చు, దాని తరువాతి హల్లు స్థానములు మార్చుకొన్నవి. కన్నడ ఒరళు తెలుగున రోలైనది. కన్నడ ఎరడు తెలుగున రెండైనది. ఆ త్రోవనే మూలధాతువగు ‘ఇల్’ తెలుగున ‘లే’ యైనది. పోలికగలది బంధువు కాలేదు, పోలికలేనిది బంధువైనది. గబ్బిలము, సీతాకోకచిలుకల న్యాయము ఇదియే. ఈ మార్పుల నియమములను 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువులనుగూర్చిన తమ గ్రంథమున సప్రమాణముగా వివరించినారు. అదే యేట బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును వెలువడినది.

బంధుత్వమునకు ప్రతిగా అరువు కూడ పోలికను కలిగించును. పుస్తకము, నగరము, నది మొదలగునవి రెండు భాషలందును కలవు; ఆ పోలిక సంస్కృతమునుండి ఇరువురును తెచ్చుకొన్నందువలన వచ్చినది. జిల్లా, తాలూకా, దుకాణము అనునవి పరిపాలన, వ్యాపారముల వెంట వచ్చిన అరబ్బీ పారసీక పదములు. ‘సరిహద్దు’ అను మాటయు అట్టిదే, కన్నడమున సరహద్దు. ఏ గీతను గూర్చి రెండు భాషలవారు వాదించుకొనిరో ఆ గీత పేరు రెండింటికిని బయటనుండి వచ్చినదే! జీవశాస్త్రమునను ఈ భేదము ఆలస్యముగా గుర్తింపబడినది. 1970లో వాల్టర్ ఫిచ్ జన్యువుల పొందికలో జాతులు చీలుటవలన కలిగినది వేరు, ఒకే జీవమున జన్యువు రెండుగా నగుటవలన కలిగినది వేరు అని విభజించెను. సూక్ష్మజీవుల నడుమ అడ్డముగా చేతులు మారిన జన్యువులకు 1983లో మరియొక పేరు ఏర్పడెను. తత్సమము, తద్భవము, దేశ్యము అని మాటల రాకను వేరుచేయుట మన వైయాకరణులు చిరకాలముగా చేయుచుండిన పనియే.

ఇప్పుడు మట్టము ప్రశ్నకు వత్తము. బళ్ళారి వీథిలోని పలకలను చూచువారు, తెలుగు కన్నడ లిపులు అక్కచెల్లెండ్రవలె నున్నవి గావున భాషలును నిన్న మొన్న విడిపోయినవని తలంతురు. లిపి విషయమున ఈ తలంపు సరియే. బాదామి చాళుక్యుల కాలమునుండి చాల శతాబ్దములు రెండు భాషలకును ఒకే లిపి నడచినది. పండితులు దానిని తెలుగు-కన్నడ లిపి యందురు. సుమారు పదమూడవ శతాబ్దినుండి మెల్లమెల్లగా వేరుపడినది. అచ్చుయంత్రము వచ్చిన పిదప ఆ వేర్పాటు స్థిరపడినది. తెలుగు తలకట్టు పైకి ఎగసిన చిన్న గీత. కన్నడ తలకట్టు అడ్డగీత. రెండును ఒకే ప్రాచీన శిరోరేఖకు సంతానము. భాషల సంగతి వేరు. ద్రావిడ కుటుంబమున కన్నడము తమిళ మలయాళములతో దక్షిణ శాఖకు చేరినది. తెలుగు గోండి, కూయి మొదలగువానితో దక్షిణ-మధ్య శాఖకు చేరినది. కావున లిపులు తోబుట్టువులు, భాషలు దాయాదులు. లిపి మట్టమున చెప్పినది భాష మట్టమున చెల్లదు. గ్రద్ద, గబ్బిలముల విషయమున చెప్పిన మాట ఇదే.

ఈ వివేకము ఎందుకు కావలెనో మన జిల్లా చరిత్రయే చెప్పును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రమునందలి బళ్ళారి జిల్లా విభజింపబడెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. బళ్ళారి తాలూకా విషయము వివాదగ్రస్తమగుటచే న్యాయమూర్తి మిశ్రాగారి విచారణకు అప్పగింపబడి, తుదకు తక్కిన తాలూకాలతో పాటు మైసూరునకు చేరెను. 1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము తుంగభద్రా ప్రాజెక్టును దృష్టిలో నుంచుకొని బళ్ళారి, సిరుగుప్ప, హోసపేట తాలూకాలు ఆంధ్రమునకు చెందవలెనని సిఫారసు చేసినను, 1956లో ఆ ఏర్పాటు జరుగలేదు. 2021లో హోసపేట ప్రాంతము విజయనగర జిల్లాగా వేరుపడినది. ఆ నిర్ణయముల మంచిచెడ్డలను విచారించుట ఈ వ్యాసమునకు విషయము కాదు. కాని ఊరిపేరును, శాసనమును, ఇంటిమాటను చూపి “ఇది మాది” యనుట సరిహద్దు వాదములందు ఎల్లెడల కలదు. సమజాతత్వము అట్టి వాదమునకు సాక్ష్యము చెప్పజాలదు. చెరువును కెరెయు ఒకే మూలమునుండి వచ్చినవని అది చెప్పును. చెరువు కెరెనుండి పుట్టినదనిగాని, కెరె చెరువునుండి పుట్టినదనిగాని చెప్పదు. ఆ నీరు ఎవరిదో అసలే చెప్పదు. కన్నడము తెలుగునుండి చీలినదనువారును, తెలుగు కన్నడమునుండి చీలినదనువారును ఒకే తప్పు చేయుచున్నారు: దాయాదిని తండ్రియనుకొనుచున్నారు.

గీత ఎట్లు పడినను బళ్ళారిలో తెలుగు ఇండ్లు నిలిచియున్నవి. ఆ ఇండ్ల పిల్లలు బడిలో కన్నడమో ఇంగ్లీషో చదువుచు, ఇంట తెలుగు మాటలాడుదురు. ఆ పిల్లలలో పెక్కుమందికి తెలుగు అక్షరములు రావు. ఇది మన కాలమునందలి నిజమైన నష్టము. దీనికి పై చరిత్రయే ఒక ఉపాయమును చూపుచున్నది. కన్నడ అక్షరములు నేర్చిన బాలునికి తెలుగు అక్షరములు క్రొత్తవి కావు; తలకట్టును మార్చి, కొన్ని రూపభేదములను గుర్తించినచో చాలును. హాలు, హులి, హత్తి వ్రాయ నేర్చినవానికి పాలు, పులి, పత్తి అనునవి ఒక్క నియమముతో వచ్చును. రెండు లిపులను ప్రక్కప్రక్కన నుంచి, ఈ వరుసలను పాఠములుగా కూర్చిన చిన్న పుస్తకమొకటి సిద్ధపరచినచో, ఏ బడియు అడ్డుచెప్పని రీతిని తెలుగు మరల ఇండ్లలో చదువబడును. వ్యవసాయము, వంట, చేనేత, చుట్టరికములకు సంబంధించి బళ్ళారి పెద్దలు వాడు మాటలను తెలుగు కన్నడ జంటలుగా వ్రాసియుంచుట మరియొక పని. ఆ పెద్దలుండగనే ఇది జరుగవలెను.

గాజుమీది రెండు దారపు చుట్లు తమ నడిమి భాగమునకు కలిసియే అంచులైనవని పైన చెప్పితిమి. బళ్ళారి సీమకు తెలుగును కన్నడమును అట్టివి. ఒకదానిని తీసివేసినచో రెండవదాని లెక్క కుదురదు. ఎల్లిస్ పండితుడు 1816లో ధాతువులను ప్రక్కప్రక్కన నుంచి చూపినది ఈ సత్యమునే. మన సంఘమువారు, యువకులు ఈ పనికి పూనుకొందురుగాక యని కోరుచున్నాము.